పొరలెన్ని, గీత ఎక్కడ? డెస్క్‌టాప్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నిర్మాణంపై ఒక సమీక్ష

2022 ఏప్రిల్ 4న నర్సీపట్నం విశాఖపట్నం జిల్లాలోంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, పిన్‌కోడు కూడా మారలేదు. కంప్యూటర్ మీద బిల్లులు, రసీదులు, ధ్రువపత్రాలు తీసేచోట మాత్రం కొత్త పని పడింది. పాత జిల్లా పేరు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ ఉందో వెతికి మార్చాలి. ఆ పేరు ఒక టేబుల్లో ఒక్క వరుసగా ఉంటే అది నిమిషం పని. ప్రతి రిపోర్టు తలమీదా విడివిడిగా టైపు చేసి ఉంటే, ప్రోగ్రాం రాసిన మనిషి దొరికేదాకా ఆగాల్సిన పని.

ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడానే సాఫ్ట్‌వేర్ నిర్మాణం అంటారు. తెరమీద కనిపించేది ఒక పొరలో, వ్యవహారపు నిబంధనలు ఇంకో పొరలో, నిల్వ ఉండే డేటా మరో పొరలో ఉండాలని ఏ పాఠ్యపుస్తకం తెరిచినా కనిపిస్తుంది. మాటవరసకు దాన్ని కాదనేవారు లేరు. తగువంతా ఆ తర్వాతే. పొరలు ఎన్ని ఉండాలి? ఏ నిబంధన ఏ పొరలో ఉండాలి? చిన్న ఊళ్లో నలుగురు వాడే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఖర్చు దండగ కాదా? యాభై ఏళ్లలో ఈ చర్చ ఎన్నో పేర్లు మార్చుకుంటూ బాగా చిక్కుపడింది. వాదించేవాళ్లు వేర్వేరు రకాల మార్పులను మనసులో పెట్టుకుని ఒకే మాట మీద పోట్లాడుకోవడమే ఆ చిక్కుకు అసలు కారణమని ఈ వ్యాసం అభిప్రాయం.

## పొరలు, అంచెలు

ఎరువుల దుకాణంలో ఒక బిల్లు తీసుకుందాం. గుమస్తా ఫారంలో సరుకు పేరు, సంచుల సంఖ్య కొడతాడు. సాఫ్ట్‌వేర్ ధర తెచ్చి, పన్ను లెక్కకట్టి, సరుకు నిల్వ సరిపోతుందో లేదో చూస్తుంది. ఆ తర్వాత బిల్లును ఒక టేబుల్లో, బిల్లులోని సరుకులను ఇంకో టేబుల్లో రాసి, నిల్వలోంచి అన్ని సంచులు తగ్గిస్తుంది. చూపడం, లెక్క తేల్చడం, దాచడం అనే ఈ మూడు పనులకు మూడు వేర్వేరు చోట్లు ఇచ్చి, పైపొర కిందిపొరను పిలవాలే తప్ప కిందిది పైదాన్ని పిలవకూడదని నియమం పెడితే అది పొరల నిర్మాణం.

పొరలు ప్రోగ్రాం లోపలి విభజన. అంచెలు యంత్రాల మధ్య విభజన. ఈ రెంటినీ కలిపేయడంతోనే సగం అపార్థాలు మొదలవుతాయి. ఒకే కంప్యూటర్లో, ఒకే ప్రోగ్రాం ఫైల్లో మూడు పొరలూ శుభ్రంగా ఉండొచ్చు. అప్పుడు అంచె ఒక్కటే. మరోపక్క సర్వర్ వేరే గదిలో, క్లయింట్లు కౌంటర్లలో ఉన్నా లోపల పొర అన్నది లేకుండా అంతా కలగాపులగంగా ఉండొచ్చు. ‘మాది క్లయింట్-సర్వర్’ అన్న ఒక్క మాటతో నిర్మాణం గురించి తెలిసేది దాదాపు ఏమీ లేదు.

ఈ ఆలోచనకు మూలాలు డెస్క్‌టాప్ కంప్యూటర్ పుట్టకముందువి. 1968లో డైక్‌స్ట్రా ఐండ్‌హోవెన్‌లో తన బృందం కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను పొరలు పొరలుగా వివరించాడు. 1970లో కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడు, డేటా లోపల ఎలా సర్ది ఉందో తెలియకుండానే ప్రోగ్రాం నడవాలన్నది ఆయన ప్రధాన వాదన. 1975లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ కమిటీ డేటాబేస్‌నే మూడు మట్టాలుగా విడదీసింది: వాడుకరికి కనిపించేది, అందరికీ ఉమ్మడిగా ఉండేది, డిస్కు మీద ఉండేది.

వీళ్లందరిలో నేటి తగువుకు ఎక్కువ పనికొచ్చేవాడు పార్నస్. 1972లో ఆయన రాసిన పత్రం సారాంశం ఇది: ప్రోగ్రాంను పని జరిగే వరుసను బట్టి ముక్కలు చేయకండి, రేపు మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక్కో ముక్కలో దాచండి. పొరల గురించి తర్వాత వచ్చిన పుస్తకాలు చాలావరకు ఈ షరతును మరిచి, ముక్కలను మాత్రమే గుర్తుపెట్టుకున్నాయి.

## అంతా ఒకే ఫైలైన రోజులు

చిన్న పట్టణాల్లోకి డేటాబేస్ వచ్చింది డీబేస్, ఫాక్స్‌ప్రోల రూపంలో. 1984లో డీబేస్ మూడో తరం, ఆ మరుసటి ఏడు క్లిప్పర్ కంపైలర్, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో వచ్చాయి. 1992లో మైక్రోసాఫ్ట్ ఫాక్స్ కంపెనీని కొనేసింది. తొంభైల్లో కంప్యూటర్ సెంటర్లలో పీజీడీసీఏ చదివినవారికి ఈ పేర్లు నోటికి వచ్చు. ఆ భాష గొప్పదనం అంతా సూటిదనంలో ఉంది. టేబుల్ తెరవడం, తెరమీద గడి గీయడం, అందులో కొట్టిన అంకెను టేబుల్లోకి తోయడం పక్కపక్క వరుసల్లోనే రాసేయొచ్చు. మధ్యలో దుబాసీ అక్కర్లేదు. ఒక్క మనిషి వారం రోజుల్లో రైస్‌మిల్లు లెక్కలు రాసి ఇవ్వగలిగాడంటే కారణం అదే.

ఆ సూటిదనానికి మూల్యం తర్వాత కట్టాల్సి వచ్చింది. టేబుల్లో ఒక గడి పేరు మారిస్తే, ఆ పేరు ఏ ఫారంలో, ఏ రిపోర్టులో ఉందో వెతకాలి. నెట్‌వర్క్‌లో నాలుగు కంప్యూటర్లు ఒకే డీబీఎఫ్ (టేబుల్) ఫైలును తెరిచినప్పుడు కరెంటు పోతే ఇండెక్సు చెడేది. బిల్లు రాసి నిల్వ తగ్గించకముందే యంత్రం ఆగిపోతే, రెండూ జరగాలి లేదా రెండూ జరగకూడదన్న ట్రాన్సాక్షన్ రక్షణ పాత డీబీఎఫ్ ఫైళ్లకు లేదు. టేబుల్ ఫైలు 2 గిగాబైట్లు దాటకూడదన్న పరిమితి సరేసరి. విజువల్ ఫాక్స్‌ప్రో తొమ్మిదో తరం 2004లో వచ్చింది, అదే ఆఖరిది. 2015 జనవరితో దాని మద్దతూ ముగిసింది.

ఇదంతా చూసి ఆ తరం ప్రోగ్రామర్లకు నిర్మాణం తెలియదని తీర్మానించడం సరికాదు. మంచివాళ్లు ఫంక్షన్లు వేరే ఫైల్లో పెట్టుకునేవారు. భాష వాళ్లను అందుకు బలవంతపెట్టలేదు, అంతే.

## రెండంచెల కాలం, కార్డ్ ప్రాజెక్టు

1991లో విజువల్ బేసిక్, 1992లో ఓడీబీసీ, యాక్సెస్, 1995లో డెల్ఫీ వచ్చాయి. 1993 నాటి మూడో విజువల్ బేసిక్‌తో ఫారం మీది గడిని నేరుగా టేబుల్‌కు కట్టేసే సదుపాయం వచ్చింది. మౌసుతో లాగి వదిలితే ఫారం తయారు. ప్రదర్శనలో అద్భుతంగా కనిపించే ఈ సదుపాయమే పొరల వాదులకు మొదటి శత్రువు. ఎందుకంటే అక్కడ నిబంధన ఉండటానికి చోటే లేదు. పన్ను లెక్క ‘సేవ్’ బటన్ వెనక్కి వెళ్లి కూర్చుంది. అదే లెక్క అమ్మకం ఫారంలో ఒకటి, వాపసు ఫారంలో ఒకటి, రిపోర్టులో ఇంకొకటి అయింది.

తెలుగునాట ఈ తరానికి పెద్ద ఉదాహరణ రిజిస్ట్రేషన్ల శాఖ కార్డ్ ప్రాజెక్టు. 1996లో నమూనాగా మొదలై, 1998 నవంబర్ 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో ఒకేసారి ప్రారంభమైంది. అంతకుముందు ఆస్తి విలువ కోసం మార్గదర్శక విలువల పుస్తకాలు తిరగేయాలి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే ఏళ్ల తరబడి ఇండెక్సు పుస్తకాల్లో చేత్తో వెతకాలి. విలువ కట్టడం, స్టాంపు డ్యూటీ, ఫీజు, ఇండెక్సు, ఈసీ అన్నీ కంప్యూటర్ మీదికి తేవడం కార్డ్ చేసిన పని. మొదట్లో ఒక్కో ఆఫీసు డేటా ఆ ఆఫీసు సర్వర్లోనే ఉండేది.

నిర్మాణం దృష్టితో చూస్తే ఈ ప్రాజెక్టు ఒక మంచి పాఠం. ఇందులో మూడు వేర్వేరు వేగాలున్నాయి. దస్తావేజు వివరాలు ఒకసారి రాశాక మారవు, దశాబ్దాలు నిలవాలి. మార్కెట్ విలువలు, డ్యూటీ రేట్లు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా మారతాయి, అదీ అన్ని ఆఫీసుల్లోనూ ఒకే రోజున. కౌంటర్ మీది తెర సాంకేతికత మారినప్పుడల్లా మారుతుంది. రేట్లు ప్రోగ్రాం లోపల ఉంటే ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ 214 చోట్లకు కొత్త ప్రోగ్రాం పంపాలి. టేబుల్లో ఉంటే కొత్త అంకెలు పంపితే చాలు. పొరల అవసరాన్ని ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో దొరకడం కష్టం. ఆ తర్వాత కేంద్రీకృత డేటా, 2011లో మీసేవ, 2023లో కార్డ్ ప్రైమ్ వచ్చాయి. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో కొన్ని ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకీ చేరాయి. ఇన్నేళ్లలో ఎక్కువసార్లు మారింది తెర.

## నాలుగు మతాలు

ఒకటో మతానిది ఒక్కటే మాట: డేటాబేస్ మీద నమ్మకముంచండి. 1987లో సైబేస్ సర్వర్‌తో స్టోర్డ్ ప్రొసీజర్లు, ట్రిగ్గర్లు వాడుకలోకి వచ్చాక, నిబంధనలన్నీ డేటాబేస్ లోపలే ఉండాలనే వాదన బలపడింది. బిల్లు ఏ ఫారం నుంచి వచ్చినా, ఎవరో ఎక్సెల్ నుంచి నేరుగా ఎక్కించినా, నిల్వ సున్నా కంటే తగ్గకూడదన్న నియమాన్ని డేటాబేస్ ఒక్కటే కచ్చితంగా కాపాడగలదు. ప్రోగ్రాములు వస్తాయి పోతాయి, డేటా ఉండిపోతుంది. ఈ వాదనలో నిజం చాలా ఉంది. అసౌకర్యం మాత్రం రోజూ ఎదురయ్యేదే. ప్రొసీజర్ భాషలు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. అందులో రాసినదాన్ని పరీక్షించడం, పాత రూపాలతో పోల్చుకోవడం కష్టం. ఊరొదిలి వెళ్లిన ప్రోగ్రామర్ వెనక వదిలిన ట్రిగ్గర్ ఎప్పుడు ఏం చేస్తుందో కొత్తవాడికి తెలియడానికి నెలలు పడుతుంది.

రెండో మతం నిబంధనలను నడుమ పెడుతుంది. 1997లో మైక్రోసాఫ్ట్ విండోస్ డీఎన్ఏ పేరుతో మూడంచెల పద్ధతిని ప్రచారం చేసింది. 2002లో వచ్చిన మార్టిన్ ఫౌలర్ పుస్తకం దానికి పదజాలం ఇచ్చింది. నడిమి పొరను ఎలా రాయొచ్చో ఆయన మూడు దారులు చూపాడు: ఒక్కో వ్యవహారానికి ఒక్కో విధానం, ఒక్కో టేబుల్‌కు ఒక్కో మాడ్యూల్, వ్యవహారాన్ని ప్రతిబింబించే వస్తువుల అల్లిక. చిన్న వ్యవహారానికి మొదటి దారి సరిపోతుందని ఆయనే చెప్పినా, పాఠకులు మూడోదాన్నే ఎక్కువగా పట్టుకున్నారు. 2003లో ఎరిక్ ఎవాన్స్ పుస్తకం, 2005లో కాక్‌బర్న్ షట్కోణ నిర్మాణం, 2008లో పలెర్మో ఉల్లిపాయ నిర్మాణం, 2012లో రాబర్ట్ మార్టిన్ ‘క్లీన్’ నిర్మాణం ఈ వరుసలోవే. వీటిలో కొత్తది ఒకటుంది. పాత పద్ధతిలో డేటాబేస్ అడుగున ఉంటుంది, అందరూ దానిమీద ఆధారపడతారు. ఇక్కడ నిబంధనలు మధ్యలో ఉంటాయి, డేటాబేస్ కూడా తెరలాగే బయటి వస్తువైపోతుంది.

ఈ ఆలోచన విలువ తెలియాలంటే దుకాణం కంటే చెరకు కాటా దగ్గరికి వెళ్లాలి. అక్కడ సాఫ్ట్‌వేర్‌కు బయట తెర, డేటాబేస్ మాత్రమే ఉండవు. సీరియల్ తీగ మీదుగా బరువు పంపే కాటా, చీటీ కొట్టే ప్రింటర్ ఉంటాయి. రైతుకు సందేశం పంపే ఏర్పాటూ ఉండొచ్చు. కాటా యంత్రం మారిస్తే చెల్లింపు లెక్క కదలకూడదు. బయటి వస్తువులు రెండు దాటినచోట షట్కోణపు వాదన బలంగా నిలుస్తుంది. రెండే ఉన్నచోట అది సామాన్యమైన మూడు పొరల వాదనే, పేరు మాత్రం కొత్తది.

మూడో మతం ఫారం పక్షం. దీనికి సిద్ధాంత గ్రంథాలు తక్కువ, అనుచరులు కోకొల్లలు. యాక్సెస్, ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్‌లతో బతికిన ప్రోగ్రామర్లు, నేటి ‘లో-కోడ్’ వ్యాపారులు ఈ పక్షమే. వాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు: వాడేవాడికి కావలసింది సోమవారానికి పనిచేసే ఫారం, వచ్చే దశాబ్దానికి నిలిచే నిర్మాణం కాదు. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ ఆరో తరానికి 2008లోనే మద్దతు ముగిసింది. అయినా అందులో రాసిన ప్రోగ్రాములు నేటి విండోస్ మీదా నడుస్తున్నాయంటే, నిలకడ గురించి ఉపన్యాసాలిచ్చిన చాలా కొత్త చట్రాలకన్నా అది ఎక్కువ కాలమే బతికినట్టు.

నాలుగో మతం పొరల మీద తిరుగుబాటు. ఫారంలో ఒక గడి పెంచడానికి ఆరు ఫైళ్లు మార్చాల్సి వస్తే ఆ నిర్మాణం ఎవరికోసమన్నది వీళ్ల ప్రశ్న. 2018లో జాన్ ఔస్టర్‌హౌట్ తన పుస్తకంలో, అందిన మాటను అలాగే కిందికి అందించే పొరలు బరువే తప్ప బలం కావని వాదించాడు. అదే ఏడాది జిమ్మీ బోగార్డ్ అడ్డంగా కాక నిలువుగా కోయమన్నాడు. ‘బిల్లు వేయడం’ అన్న పనికి సంబంధించిన తెర, లెక్క, క్వెరీ అన్నీ ఒకే సంచిలో ఉండాలన్నది ఆ పద్ధతి. ఇది ఫాక్స్‌ప్రో రోజుల వాసన వేస్తోందని కొందరు ఎగతాళి చేశారు. ఎగతాళిలో కొంత నిజమున్నా, తేడా కూడా ఉంది. ఇక్కడ ఒక పని సంచి మరో పని సంచిలోకి చెయ్యి పెట్టదు.

## మూడు మార్పుల పరీక్ష

సిద్ధాంతాలను సిద్ధాంతాలతో పోల్చితే తేలదు. ఈ ప్రాంతపు సాఫ్ట్‌వేర్లు నిజంగా ఎదుర్కొన్న మూడు మార్పుల మీద వాటిని పెట్టి చూడాలి.

మొదటిది అంకె మార్పు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయి 5, 18 ప్రధానంగా మిగిలాయి. సబ్బు, తలనూనె 18 నుంచి 5కు, సిమెంటు 28 నుంచి 18కి దిగాయి. రేటు టేబుల్లో ఉన్నచోట ఇది అరపూట పని. బటన్ల వెనక 0.18 అని రాసుకున్నచోట నానాయాతన. కానీ టేబుల్లో పెట్టినవాళ్లలోనూ ఒక తేడా బయటపడే సందర్భం ఇది. పాత రేటు చెరిపి కొత్తది రాసేస్తే, సెప్టెంబర్ 10న అమ్మిన సరుకు అక్టోబర్లో వాపసు వచ్చినప్పుడు క్రెడిట్ నోటు ఏ రేటుకు వేయాలి? అమ్మిననాటి రేటుకే. కాబట్టి ప్రతి రేటుకూ ‘ఏ తేదీ నుంచి’ అన్న గడి ఉండాలి, బిల్లులో వేసిన రేటు బిల్లుతోనే నిలిచి ఉండాలి. దీన్ని ఏ పొరల నిర్మాణమూ దానంతటది నేర్పదు. వ్యవహారం తెలిసినవాడు చెప్పాలి.

రెండోది కొలమానం మార్పు. బ్రాండు పేరుతో అమ్మే బియ్యానికి పన్ను ఉంది, లేనిదానికి లేదు అన్నది 2017 నాటి పద్ధతి. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిందా అన్నది కొలమానమైంది. బియ్యం, పప్పు, బెల్లం వంటివన్నీ దాని కిందికి వచ్చాయి. బియ్యం ప్యాకెట్టు 25 కిలోలు దాటితే ఆ పన్ను వర్తించదు. మార్కెట్లోకి 26 కిలోల బస్తా వచ్చింది అందుకే. సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. పన్ను ఇప్పుడు సరుకును బట్టి మాత్రమే కాదు, సరుకు ఏ మూటలో ఉందో దాన్ని బట్టి కూడా ఉంది. టేబుల్లో కొత్త గడి కావాలి, లెక్కలో కొత్త షరతు కావాలి, ఫారంలో కొత్త ప్రశ్న కావాలి. మూడు పొరలనూ పైనుంచి కిందికి చీల్చుకుంటూ పోయే మార్పు ఇది. ఇక్కడ శుద్ధ పొరలవాది ఎక్కువ శ్రమపడతాడు, నిలువుకోత వాది తక్కువలో బయటపడతాడు, ఫారం పక్షం ఎన్ని ఫారాలున్నాయో అన్నిసార్లు పడుతుంది.

మూడోది గుర్తింపు మార్పు. జిల్లా పేరు ఇందులోదే. వాహన నంబర్ల కథ ఇంకా బాగుంటుంది. ఏపీ 31 అంటే విశాఖ జిల్లా బండి అని నంబర్లోంచి జిల్లాను తేల్చే సాఫ్ట్‌వేర్‌కు 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చేసరికి ఆ తెలివి పనికిరాకుండా పోయింది. పక్క రాష్ట్రం తెలంగాణలో 2014 నాటి టీఎస్ 2024లో టీజీ అయింది. మనిషికి అర్థమయ్యే కోడులో అర్థాన్ని దాచి, దాన్నే టేబుళ్ల మధ్య తాళంచెవిగా వాడితే ఏ నడిమి పొరా రక్షించదు. దీనికి మందు డేటాబేస్ పక్షం దగ్గరే ఉంది: అర్థంలేని అంకెను తాళంచెవిగా పెట్టు, పేరును పక్క గడిలో ఉంచు.

పోల్చి చూస్తే, అంకె మార్పులో నిబంధనలు వేరుచేసుకున్న ఎవరైనా గట్టెక్కారు, అది ప్రొసీజర్లోనైనా నడిమి పొరలోనైనా. కొలమానం మార్పులో నిలువుకోత మెరుగు. గుర్తింపు మార్పులో టేబుళ్ల రూపకల్పనదే పైచేయి. నాలుగు మతాల్లో ఏ ఒక్కటీ మూడు పరీక్షల్లోనూ మొదటి స్థానంలో లేదు. డేటాబేస్ కంపెనీని మార్చడం అన్న నాలుగో మార్పు కోసం పుస్తకాలు ఎన్నో పేజీలు ఖర్చుపెట్టాయి. చిన్న దుకాణపు సాఫ్ట్‌వేర్‌లో అది సాధారణంగా ఒకేసారి జరుగుతుంది, ఆ ఒక్కసారి ప్రోగ్రాంనే తిరగరాస్తారు.

## తెలుగు అక్షరం ఏ పొరలో ఉంది?

ఇంగ్లిష్ పుస్తకాలు గీసిన బొమ్మల్లో ఈ ప్రశ్న కనిపించదు. తెలుగు సాఫ్ట్‌వేర్లకు మాత్రం ఇది నెత్తిమీద పడ్డ ప్రశ్న. 1991లోనే యూనికోడ్ మొదటి రూపంలో తెలుగు ఉంది. కానీ ఆఫీసుల్లో, ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి నడిచింది అను వంటి ఫాంట్ల ఆధారిత పద్ధతి. అందులో నిల్వ ఉండేది అక్షరం కాదు, ఆ ఫాంటులోని ముక్క ఆకారపు సంఖ్య. తలకట్టు ఒక సంఖ్య, కొమ్ము ఒక సంఖ్య. అంటే చూపే పొరకు చెందిన ఆకారం దాచే పొరలోకి దిగిపోయింది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఆ పేర్లు పిచ్చిగీతలు. అకారాది వరుసలో పెట్టమంటే ఆకారాల వరుసలో వస్తాయి. పొరలు కలిసిపోతే ఏమవుతుందో చూపడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

యూనికోడ్ వచ్చాకా తిప్పలు పూర్తిగా తీరలేదు. విజువల్ బేసిక్ ఆరో తరం లోపల యూనికోడ్ పట్టుకోగలదు కానీ, దాని మామూలు గడులు చూపలేవు. తెలుగు బదులు వరుసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్లో పేరు గడిని మామూలు అక్షరాల రకంగా పెడితే, తెర మీద చక్కగా కొట్టిన తెలుగు నిల్వకొచ్చేసరికి ప్రశ్నార్థకాలవుతుంది. అందులో యూటీఎఫ్-8 వరుసక్రమాలు వచ్చింది 2019 రూపంలోనే. ఫాక్స్‌ప్రోకు యూనికోడ్ అందనే లేదు. అక్షరం ఒక్క పొరలో సరిగా ఉంటే చాలదు, మూడింట్లోనూ ఉండాలి. ఎక్కడ తెగినా మొత్తం పోతుంది.

పైగా పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. తెరమీద ఒక్కోసారి ఒకేలా కనిపించే పేరు వెతుకులాటలో దొరకదు. ఆ గుర్తును కొట్టేటప్పుడే సరిచేయాలా, దాచేటప్పుడా, వెతికేటప్పుడా? దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. దాచేముందు ఒకేచోట సరిచేసి, కొట్టిన రూపాన్ని కూడా పక్కన ఉంచుకోవడం అన్నిటికన్నా తక్కువ నష్టం చేసే దారి.

## తేలని విషయాలు

తనిఖీలు ఎక్కడ ఉండాలన్నది అన్నిటికన్నా పాత తగువు. ఖాళీ గడిని ఫారం పట్టుకోవాలి, అప్పు పరిమితిని నడిమి పొర చూడాలి, రెండు బిల్లులకు ఒకే నంబరు రాకుండా డేటాబేస్ ఆపాలి అని సూత్రం చెప్పడం తేలిక. ఆచరణలో ఒకే నియమం మూడుచోట్ల రాయాల్సి వస్తుంది. ఒకచోట మార్చి మిగతావి మరిస్తే ఏమిటన్న భయం అక్కడే పుడుతుంది. పైసల కోత దీనికి చక్కటి ఉదాహరణ. ఫారం రూపాయికి సర్దిన మొత్తం చూపుతుంది, టేబుల్ సర్దనిది దాస్తుంది, నెలాఖరు రిపోర్టు మళ్లీ కూడి వేరే మొత్తం చెబుతుంది. ఒక రూపాయి తేడా కోసం ఆడిటర్ దగ్గర గంట పంచాయితీ. సర్దుబాటు ఒక్కచోటే జరగాలని అందరూ ఒప్పుకుంటారు, ఆ ఒక్కచోటు ఏదో ఒప్పుకోరు.

వస్తువులకూ టేబుళ్లకూ మధ్య దుబాసీ సాధనాల సంగతీ అంతే. 2001లో హైబర్నేట్, 2008లో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ వచ్చాయి. 2006లో టెడ్ న్యూవర్డ్ ఈ ప్రయత్నాన్ని వియత్నాం యుద్ధంతో పోల్చాడు: దిగడం తేలిక, బయటపడటం కష్టమని. మామూలు ఫారాలకు ఇవి శ్రమ తగ్గిస్తాయి. పెద్ద రిపోర్టుల దగ్గర మళ్లీ చేత్తో క్వెరీ రాయక తప్పదు. ఇక్కడ పక్షం వహించాల్సిన పనిలేదు, రెండూ వాడినవాళ్లే ఎక్కువ.

పెద్దగా తేలనిది డెస్క్‌టాప్ భవిష్యత్తు. 2022 జూన్‌లో కేంద్రం దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ కిందికి తేవడానికి 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సొంత కంప్యూటర్లో సొంత డేటా అన్న పద్ధతికి ఇది వీడ్కోలు లాంటిదే. దానికి ఎదురుగా, డేటా ముందు మన యంత్రంలోనే ఉండాలి, నెట్ ఉన్నప్పుడు పంచుకోవాలి అన్న ‘లోకల్-ఫస్ట్’ వాదన 2019లో క్లెప్‌మన్ బృందం పత్రంతో రూపు కట్టింది. 2000లో పుట్టిన ఎస్‌క్యూలైట్ ఏ సర్వరూ అక్కర్లేకుండా ఒక్క ఫైల్లో ట్రాన్సాక్షన్ రక్షణ ఇస్తోంది. పాత డీబీఎఫ్ ఫైళ్లకు లేకపోయింది సరిగ్గా అదే. నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ ఎక్కితే సిగ్నల్ దొరకని చోట్లు ఇంకా ఉన్నాయి. అక్కడ కాఫీ, పసుపు కొనే వర్తకుడికి నెట్ లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ విలాసం కాదు. కానీ రెండు యంత్రాలు విడివిడిగా మార్చిన ఒకే నిల్వను తర్వాత ఎలా కలపాలన్న ప్రశ్న ఏ పొరకు చెందుతుందో ఈ వాదం ఇంకా తేల్చలేదు.

## రాయించుకునేవారికి

ఒకరిద్దరు రాసి, పదిమంది లోపు వాడే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కు ఈ సమీక్ష తీర్పు ఇది. ఫారానికీ నిబంధనకూ మధ్య గీత తప్పనిసరి. పన్ను, సర్దుబాటు, నిల్వ లెక్కలు ఏ బటన్ వెనకా ఉండకూడదు, ఒక్కోటి ఒక్కచోటే ఉండాలి. మొత్తం వ్యవహారం ఒక ట్రాన్సాక్షన్‌గా మొదలై ముగిసేదీ ఆ నడిమిచోటే. టేబుళ్ల తాళంచెవులు, ఒకే నంబరు రెండుసార్లు రాకుండా కాపలా డేటాబేస్‌కే వదలాలి. నిబంధనకూ డేటాబేస్‌కూ మధ్య ఇంకో రెండు పొరలు కట్టడం ఇంత చిన్న పనికి అప్పు చేసి మేడ కట్టినట్టే. కాటా, ప్రభుత్వ పోర్టల్ వంటి బయటి వస్తువు వచ్చినప్పుడు దానికి మాత్రమే ఒక గోడ కట్టుకుంటే చాలు.

సాఫ్ట్‌వేర్ రాయించుకునే వ్యాపారులు, సంఘాలు ప్రోగ్రామర్‌ను పొరల గురించి అడగక్కర్లేదు. మూడు ప్రశ్నలు అడగండి. పన్ను రేటు మారితే నేను మార్చుకోగలనా, పాత బిల్లుల రేటు చెడకుండా? తెలుగు పేర్లను వేరే కంప్యూటర్లో, వేరే ఫాంటుతో తెరిస్తే చదవగలనా? నా డేటా మొత్తం ఇంకో ప్రోగ్రాంలో తెరుచుకునే రూపంలో, ఏ టేబుల్లో ఏముందో రాసిన కాగితంతో సహా ఇస్తావా? మూడోదానికి జవాబు నోటిమాటగా ఒప్పుకోవద్దు. ఆఖరి వాయిదా చెల్లించేముందు ఆ ఫైలూ, ఆ కాగితమూ చేతికి తీసుకోండి.